సుప్రభాతంలో తెల్లవారే తీరు

మన ఇళ్ళల్లో శ్రీవేంకటేశ్వర సుప్రభాతం వినిపించని తెల్లవారుజాములు తక్కువ. ఒకపక్క పాలు కాగుతుంటాయి, ఇంకోపక్క పిల్లల బాక్సులు సర్దుతుంటాం, ఫోన్‌లోనో టీవీలోనో అది తన దారిన సాగిపోతుంటుంది. చిన్నప్పటి నుంచీ విని విని సగం శ్లోకాలు నోటికి వచ్చేసి ఉంటాయి. అంత అలవాటైపోయినందుకేనేమో, అర్థం మీదికి మనసు పోదు. నన్ను ఆపి కూర్చోబెట్టింది మాత్రం ఏడో శ్లోకం.

ఈషత్ప్రఫుల్ల సరసీరుహ నారికేళ
పూగద్రుమాది సుమనోహర పాలికానామ్ |
ఆవాతి మందమనిలస్సహ దివ్యగంధైః
శేషాద్రిశేఖరవిభో తవ సుప్రభాతమ్ ||

తామరలు కాస్త కాస్తగా విచ్చుకుంటున్నాయి. కొబ్బరిచెట్లు, పోకచెట్లు పూత మీద ఉన్నాయి. వాటి సుగంధాన్ని మోసుకుంటూ పిల్లగాలి మెల్లగా వీస్తోంది. స్వామీ, నీకు సుప్రభాతం. ఇంతే సంగతి.

మా అమ్మమ్మగారిది కోనసీమ. కొబ్బరితోటలో పోకచెట్లు పూసినప్పుడు ఆ వాసన పెరటి దాకా వచ్చేది. పగలు ఎండెక్కాక అదే చెట్టు కిందికి వెళ్ళినా అంత తెలిసేది కాదు. తెల్లవారుజామున నేల చల్లబడి, గాలి కుదురుగా ఉన్న వేళ వాసన దగ్గర్లోనే నిలిచి ఉంటుంది. ఈ శ్లోకం రాసిన మహానుభావుడికి ఆ వేళ బాగా తెలుసునని నా నమ్మకం. ఆయన ప్రతివాది భయంకరం అణ్ణన్, వైష్ణవ ఆచార్యుడు మణవాళ మహాముని శిష్యుడు. సుమారు ఆరు వందల ఏళ్ళ కిందటి మాట.

ఏడో శ్లోకం నుంచి వరుసగా చూడండి. ఏడులో గాలి మోసుకొచ్చే వాసన. ఎనిమిదిలో పంజరాల్లోని చిలకలు కళ్ళు తెరిచి, గిన్నెల్లో మిగిలిన అరటిపండు, పాయసం తిని, పాఠం అందుకుంటాయి. తొమ్మిదిలో నారదుడి వీణ. పదిలో తామరల లోపలి నుంచి బయటికి వస్తున్న తుమ్మెదల ఝంకారం. పదకొండులో కవ్వాల చప్పుడు. వాసన, పలుకు, నాదం, ఝంకారం, చప్పుడు. ఆ వేళకి చూడటానికి వెలుతురు ఏదీ? తిరుమలలో సుప్రభాత సేవ జరిగేది తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో. అప్పటికి తూర్పు ఇంకా తెల్లబడదు. కళ్ళకి పని లేని ఆ కాసేపూ ముక్కుతో, చెవులతో చేసే దర్శనాన్ని కవి మనకి ముందు చేయిస్తున్నాడు.

పన్నెండో శ్లోకానికి వస్తే మొదటిసారి రంగు కనిపిస్తుంది. పద్మాల్లో చేరిన తుమ్మెదలు తమ ఒంటి నలుపుతో నల్లకలువ అందాన్ని గెలుచుకుంటామంటూ భేరీ మోగినట్టు రొద చేస్తున్నాయట. తుమ్మెద నల్లగా ఉందని, కలువ నల్లగా ఉందని తేడా తెలిసేంత వెలుతురు వచ్చిందన్నమాట.

ఇక 26వ శ్లోకం, 'భాస్వానుదేతి వికచాని సరోరుహాణి'. సూర్యుడు ఉదయిస్తున్నాడు, తామరలు విచ్చుకున్నాయి, పక్షులు తమ కూతలతో దిక్కులన్నీ నింపేస్తున్నాయి. ఏడో శ్లోకంలో కాస్తగా తెరుచుకున్న పువ్వు ఇక్కడికి వచ్చేసరికి పూర్తిగా విప్పారింది! ఇరవై తొమ్మిది శ్లోకాల్లో నిజంగానే తెల్లవారుతుంది. నడుమ 18వ శ్లోకంలో ఆ సూర్యుణ్ణీ తక్కిన గ్రహాలనూ కలిపి స్వామి దాసుల దాసులకు దాసులని చెప్పేశారు. అంటే ఉదయించేవాడు కూడా సేవకు వచ్చినవాడే. గాలి, చిలకలు, తుమ్మెదలు, సూర్యుడు అందరూ ఒకే వరుసలో ఉన్నారు. ఇది తెలిశాక నాకు పొద్దున్నే పెరటి తలుపు తీయడం గుడి తలుపు తీయడంతో సమానమైపోయింది.

ఇంట్లో ఉండి ఇదంతా చూడాలంటే లేచిన వెంటనే లైటు వేయకండి. నేను గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కటే. బ్రహ్మముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. అంత ముందుగా లేవలేకపోయినా, చుక్కలు ఇంకా కనిపిస్తుండగా ఒక్కసారి బాల్కనీ తలుపు తీస్తే చాలు. ప్రాతఃసంధ్యకి, అంటే పొద్దుటి సంధ్యావందనానికి కూడా పెద్దలు చెప్పిన కొలత ఇదే. నక్షత్రాలు ఉండగా చేస్తే ఉత్తమం, అవి మాయమయ్యాక మధ్యమం, సూర్యుడు వచ్చేశాక అధమం.

మా పక్కింటి పారిజాతం కొమ్మ ఒకటి మా గోడ మీదికి వంగి ఉంటుంది. ఆశ్వయుజం, కార్తీకాల్లో చీకటితోనే పూలు రాలడం మొదలవుతుంది. మనుషులు లేచి తిరగక ముందయితే తడి గచ్చు మీద పువ్వు పడిన చప్పుడు కూడా చెవిన పడుతుంది, చాలా చిన్నగా. తెల్లటి రేకులు, నారింజరంగు కాడ. కొన్ని కాడ పైకి పెట్టుకుని బోర్లా పడతాయి. వేళ్ళతో పట్టుకుంటే రేకు నలిగిపోతుందని కాడ పట్టుకుని తీస్తాను. నేల రాలిన పువ్వు పూజకి పనికిరాదంటారు గానీ పారిజాతానికి మాత్రం ఆ పట్టింపు లేదు. తెల్లవారాక ఎండ తగిలితే గంటలో వాడిపోతాయి, కాబట్టి ఆ పూలు కావాలంటే ఆ వేళకి లేవాల్సిందే.

పిట్టల సంగతికి వస్తే, మా వైపు ముందు గొంతు విప్పేది ఎక్కువగా జెముడుకాకి. పొదల్లోంచి లోతుగా 'ఊప్ ఊప్' అంటుంది. తర్వాత పికిలిపిట్టలు, గోరింకలు. వెలుతురు బాగా వచ్చాక గానీ రామచిలకల గుంపు అరుచుకుంటూ ఇంటి మీదుగా పోదు.

మరి చెట్టూ పిట్టా లేని చోట ఉండేవాళ్ళ మాటేమిటి? అమెరికాలో మంచు పడే ఊళ్ళో ఉంటున్న మా చెల్లెలు ఇదే అడిగింది. "చలికాలంలో కిటికీ తీస్తే ఏమీ ఉండదక్కా, ఎవరో పారతో మంచు ఎత్తిపోస్తున్న చప్పుడు తప్ప" అంది. అది పదకొండో శ్లోకమే అని చెప్పాను. గొల్లపల్లెలో ఆడవాళ్ళు పెరుగు చిలుకుతుంటే ఆ చప్పుడు దిక్కుల్లో మారుమోగి, కుండలూ దిక్కులూ కోపంతో పోట్లాడుకుంటున్నట్టు ఉందంటాడు కవి. తామరల పక్కన, తుమ్మెదల పక్కన, పొద్దున్నే లేచి పనిలో పడ్డ ఆడవాళ్ళ చేతి చప్పుడుకి కూడా చోటిచ్చాడు. తిరుమలలో ఇవాళ్టికీ తెల్లవారుజామున సన్నిధి తలుపులు తీసేది సన్నిధి గొల్ల అనే యాదవ సేవకుడే. వాకిట్లో చీపురు చప్పుడు, కళ్ళాపి చల్లిన చప్పుడు, పాలవాడి బండి, పైఅంతస్తులో ఎవరిదో కుక్కర్ కూత, ఇవన్నీ ఆ శ్లోకంలోకే వస్తాయని నేననుకుంటాను. విసుక్కోవాలనిపించదు.

అసలు 'కౌసల్యా సుప్రజా రామ' అన్న మొదటి శ్లోకమే వాల్మీకి రామాయణం బాలకాండలోది. విశ్వామిత్రుడు ఆ మాటలతో లేపినప్పుడు రాముడు పడుకున్నది ఆకుల పరుపు మీద, నది ఒడ్డున. ఆ మేలుకొలుపు పుట్టింది ఆరుబయట.

ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపిస్తారు. దాన్ని రాసిన ఆండాళ్ తల్లి, అంటే మన గోదాదేవి కూడా ఇదే వరుస పాటించింది. ఆరో పాశురంలో, అంటే ఆరో పాటలో, పక్షులు కూస్తున్నాయి, వినలేదా అంటుంది. ఏడులో పక్షుల మాటలతో పాటు ఇక్కడా పెరుగు చిలికే చప్పుడే. ఎనిమిదిలో గానీ తూర్పు తెల్లబడదు, గేదెలు మంచు గడ్డి మేతకి బయటికి రావు. ముప్పై పాశురాలూ లేవకుండా ఒకేసారి చదివే అలవాటున్నవాళ్ళు ఈసారి తూర్పు కనిపించే కిటికీ దగ్గర కూర్చుని చూడండి. పదమూడులో శుక్రుడు ఉదయించాడని, గురుడు అస్తమించాడని వస్తుంది. ఆ నెలలో శుక్రుడు తెల్లవారుజామున కనబడటం ఏటా జరగదు, కొన్నేళ్ళు సాయంత్రం పడమటి వైపు ఉంటాడు. తెల్లవారుజామున కనిపించే ఏడాదైతే పాశురం దగ్గర ఆగి, పిల్లల్ని కూడా లేపి చూపించండి.