ఆయన బండ మీద, తాడు నా చేతిలో

విజయనగరం నుంచి రామతీర్థం వెళ్లే దారిలో, నెల్లిమర్ల దాటాక కనిపించే నున్నటి రాతి కొండల మీద మావారికి ఎప్పటినుంచో కన్ను. ఆయన ఎక్కుతానంటే నాకు అభ్యంతరం లేదు. కింద తాడు పట్టుకోవలసింది నేనేనని తెలిశాకే గుండెలో రాయి పడింది.

గురుభక్తులకొండ, దుర్గకొండల జోలికి పోలేదు. బౌద్ధ, జైన అవశేషాలున్న చోట తాళ్లేసుకుని వేళ్లాడటం తగని పని. కాస్త దూరంగా, ఊరివాళ్లకు చెప్పి, ఒక బోడి బండను ఎంచుకున్నాం. వెంట వచ్చిన శిక్షకుడు తాళ్లు విప్పకముందే బండనంతా కింది నుంచి పైదాకా తేరిపార చూశారు. తేనెపట్టు ఉంటే వెనుదిరగాల్సిందేనట. కొండతేనెటీగలు లేచాయంటే తాడు మీద ఉన్న మనిషికి పారిపోయే దారి ఉండదు.

శిక్షకుడు వెనకవైపు నుంచి నడిచి పైకి వెళ్లి, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలకు కొక్కేలు కట్టి, వాటిలోంచి తాడు దూర్చి రెండు కొసలూ కిందికి వదిలారు. మేకలు కాసుకుంటున్న తాత ఇదంతా చూసి, “అటుపక్క దారి ఉంది కదమ్మా, ఈ తిప్పలెందుకు?” అన్నాడు. నిజమే, ఆ దారినే కదా తాడు పైకి వెళ్లింది! నా దగ్గర జవాబు లేదు.

ఒక కొస మావారి నడుము పట్టీకి ఎనిమిది అంకె ఆకారంలో ముడిపడింది. రెండోవైపు తాడు నా పట్టీకి తగిలించిన, జారే తాడును పట్టి ఆపే బిలే పరికరంలోంచి నా కుడిచేతిలోకి వచ్చింది. ఆయన ఎక్కేకొద్దీ వదులయ్యే తాడును నేను లాక్కుంటూ ఉండాలి. ఎడమచేయి ఏం చేసినా ఫరవాలేదు గానీ కుడిచేయి మాత్రం తాడును వదలకూడదు. ఆయన ముడి నేను, నా పరికరం ఆయన సరిచూశాకే బయలుదేరాలి. పెళ్లయ్యాక మేమిద్దరం ఒకరి పనిలో ఒకరం తప్పులు వెతికి మెప్పు పొందింది అక్కడే.

అసలు చిక్కు బరువు. ఆయన నాకంటే పాతిక కిలోలు ఎక్కువ. ఆయన జారితే బావి గిలక మీద చేదలా నేను పైకి లేస్తాను. అందుకే శిక్షకుడు నా పట్టీని వెనకాల ఒక బండకు కట్టేశారు. సగం ఎత్తులో ఆయన కాలు జారనే జారింది. నా మడమలు లేచాయి, వెనక కట్టు బిగిసింది, అంతే. పైనుంచి “ఉన్నావా?” అని వినిపించింది. ఎక్కడికి పోతాను, కట్టేశారుగా!

ఇంకో సంగతి. ఈ తాడు సాగుతుంది. పడినప్పుడు నడుముకు కుదుపు తగలకుండా అలా చేస్తారు. కాబట్టి ఎక్కడం మొదలుపెట్టిన మొదటి కొన్ని అడుగుల్లోనే తాడు బిగువుగా ఉండాలి. అక్కడ వదులిస్తే సాగిన తాడుతో సహా నేలకు తగులుతారు.

నా వంతు వచ్చేసరికి భయం సగం తీరింది. వాలుబండ మీద అలవాటు కొద్దీ రాతిని కావలించుకుంటాం. అలా చేసినంతసేపూ కాళ్లు జారుతూనే ఉన్నాయి. నడుము వెనక్కి పెట్టి, మడమలు కిందికి దించి, బరువంతా పాదాల మీద వేయగానే బూటు రబ్బరు రాతిని పట్టుకుంది. చేతులు ఊతానికే, ఎక్కేది కాళ్లే. ఆ బూట్లు మాత్రం వేళ్లు ముడుచుకునేంత బిగుతు, వాటిని కనిపెట్టినవాళ్లకు ఆడవాళ్ల పాదాల మీద జాలి లేదు. పైకి చేరాక, తాడుతో కిందికి దించడానికి చేతులు వదిలి వెనక్కి వాలమన్నారు. ఎక్కడం కన్నా అదే కష్టం. తాడు మావారి చేతిలో ఉందని బుద్ధికి తెలుసు, వేళ్లకు తెలియదు.

ఎండ ముదిరి బండ కాలడం మొదలుపెట్టాక సామాను సర్దేశాం. ఇప్పుడు ఆయన సొంత తాడు కొందామంటున్నారు. వాడినది సగం ధరకు దొరుకుతోందట. ఎవరు వాడారో, దాని మీద ఎంతమంది పడ్డారో తెలియని తాడు మా గుమ్మం తొక్కదని చెప్పేశాను.