ప్రీసీజన్ ఆట అయ్యాక ఆటగాళ్లకు మార్కులు వేయడం: నా అనుభవం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆగస్టులో జరిగే ప్రీసీజన్ ఆటలకు పాయింట్ల పట్టికలో చోటు లేదు. అక్కడి ప్రధాన లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు అసలు సీజన్‌కి ముందు మూడేసి ఆటలు ఆడతాయి. వాటిలో గెలిచినా ఓడినా లెక్కలోకి రాదు. కానీ క్యాంపుకి వచ్చిన 90 మందిలో చివరికి మిగిలేది 53 మంది. ఎవరి ఉద్యోగం నిలుస్తుందో, ఎవరిది పోతుందో చాలావరకు ఇక్కడే తేలుతుంది. అందుకే నాకు ఈ ఆటలంటే ఇంత ఇష్టం.

నేను డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం కూడా ఈ ఊళ్లోనే. 2022 ఆగస్టు 20, శనివారం రాత్రి వాళ్లు లాస్ ఏంజెలెస్ చార్జర్స్‌తో ఆడిన ఆటని రికార్డు చేసుకున్నాను. ఆటగాళ్లకు ఒక్కొక్కరికీ మార్కులు వేయాలన్నది నా ఆలోచన. పద్ధతి నేర్పింది మా ఆఫీసులో ఒక పెద్దాయన. ఒకప్పుడు టెక్సస్‌లో హైస్కూల్ జట్టుకి కోచ్‌గా పనిచేశారు. ఆయన సూత్రం సులువైనది: బంతి కదిలిన ప్రతిసారీ, అంటే ప్రతి స్నాప్‌కీ, ఆటగాడికి ఒక ప్లస్ గానీ మైనస్ గానీ వెయ్యి. తనకిచ్చిన పని చేశాడా, సరైన పద్ధతిలో చేశాడా, ఈల మోగేదాకా పరిగెత్తాడా, ఈ మూడే చూడు. బంతి ఎక్కడికి పోయిందో మర్చిపో.

ఈ చివరి మాటే కష్టం. కన్ను బంతి వెంటే పోతుంది, టీవీ కెమెరా కూడా అంతే. అందుకని మొదటిసారి ఆటని మామూలుగా చూసేశాను. రెండోసారి నుంచి ఒక స్నాప్‌కి ఒక్క మనిషినే చూడటం, వెనక్కి తిప్పడం, పక్కవాణ్ణి చూడటం. లైన్‌మెన్‌తో, అంటే ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునేవాళ్లతో, మొదలుపెట్టాను. వాళ్లు ఎప్పుడూ ఫ్రేములోనే ఉంటారు, పైగా వాళ్ల గురించి గణాంకాలు దాదాపు ఏమీ చెప్పవు. ముఖం వదిలేసి పాదాలు చూడాలి. ఎదుటివాడు మీదికొచ్చినప్పుడు లైన్‌మన్ అడుగులు చిన్నవిగా, వెడల్పుగా పడుతున్నాయా, లేక మడమల మీదికి ఒరిగిపోతున్నాడా? ఒరిగిపోయినవాడు తర్వాత చేతులతో పట్టుకుని ఆపుతాడు, అదే హోల్డింగ్. తప్పు జరిగిందని రిఫరీ విసిరే జెండా పడటానికి ఒక క్షణం ముందే ఆ తప్పు పాదాల దగ్గర కనిపిస్తుంది. కొన్ని స్నాప్‌లు అలా చూశాక, నాకు ఆటే వేరుగా కనిపించడం మొదలైంది.

డిఫెన్స్‌లో అందరికంటే వెనక, డీప్‌లో ఉండే సేఫ్టీలకు మాత్రం నేను మార్కులు వేయలేదు. టీవీ ప్రసారంలో వాళ్లు సగం సేపు కనబడరు. కనబడనివాడికి మార్కు వేయడం అన్యాయం.

తర్వాతి పని, వేసిన మార్కులకు బరువు కట్టడం. ఎవరి మీద ఆడాడు, ఏ క్వార్టర్‌లో ఆడాడు? అప్పటి చార్జర్స్ కోచ్ బ్రాండన్ స్టేలీ ప్రీసీజన్‌లో తన ప్రధాన ఆటగాళ్లను దించేవాడు కాదు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు విసిరే ముఖ్య ఆటగాడు, జస్టిన్ హెర్బర్ట్ ఆడలేదు, ఇటు కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ కూడా ఆడలేదు. క్రికెట్‌లో బౌలర్లకు విశ్రాంతి ఇచ్చిన వార్మప్ మ్యాచ్‌లో కొట్టిన సెంచరీని ఎంత జాగ్రత్తగా చూస్తామో, ఇదీ అంతే. నాలుగో క్వార్టర్‌లో, వారం తర్వాత జట్టులో ఉంటాడో లేడో తెలియని కుర్రాడి మీద సాధించిన ప్లస్‌కి నేను సగం విలువే ఇచ్చాను. పైగా ఈ ఆటల్లో జట్లు తమ అసలు ఎత్తుగడలు బయటపెట్టవు. డిఫెన్స్ సాదాసీదాగా నిలబడుతుంది. కాబట్టి క్వార్టర్‌బ్యాక్ పాస్ పూర్తయిందా లేదా అన్నదానికంటే, బంతి సమయానికి చేతిలోంచి వెళ్లిందా అన్నదే నేను చూశాను.

ఆ రాత్రి అందరూ మాట్లాడుకున్నది కవాంటే టర్పిన్ గురించి. వేసవిలో యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే మరో లీగ్‌లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయి వచ్చిన చిన్నపాటి మనిషి. ఎదుటి జట్టు తన్నిన కిక్‌ఆఫ్ (ఆట మొదలుపెట్టే తన్ను) పట్టుకుని 98 గజాలు, పంట్ (బంతిని అప్పగిస్తూ దూరంగా తన్నే తన్ను) పట్టుకుని 86 గజాలు ఎదురు పరిగెత్తి, ఒకే ఆటలో రెండు టచ్‌డౌన్లు (బంతితో ఎదుటివాళ్ల ఆఖరి గీత దాటడం) చేశాడు. కౌబాయ్స్ 32-18తో గెలిచారు.

నాతో కలిసి చూస్తున్న కుర్రాడు, మా విజయవాడవాడే, "అన్నా, ఇతనికి వందకి వంద వేసెయ్, ఇంకేం చూస్తావ్?" అన్నాడు.

"అతనికి వేశాను తమ్ముడూ. ఇప్పుడు అతనికి దారి చేస్తూ ముందు పరిగెత్తినవాళ్ల సంగతి చూద్దాం."

ఆ రెండు పరుగులనూ మళ్లీ మళ్లీ చూశాం, టర్పిన్‌ని వదిలేసి మిగతా పదిమందినీ. వాళ్లలో ఒక్కడు ఎదుటివాణ్ణి వీపు మీద తోసినా జెండా పడి టచ్‌డౌన్ చెరిగిపోయేది. వారం క్రితం డెన్వర్‌లో ఇదే జట్టు 17 పెనాల్టీలు చేసి 17-7తో ఓడింది. ఇప్పుడు అదే కుర్రాళ్లు మైదానం ఆ చివరి నుంచి ఈ చివరిదాకా శుభ్రంగా బ్లాక్ చేశారు. నా లెక్కలో ఆ రాత్రి అత్యుత్తమ ఆట అదే. జట్టులో చివరి చోట్లు దక్కేది ఇలాంటి స్పెషల్ టీమ్స్ పని, అంటే బంతిని తన్నే సందర్భాల్లో పని, చేసేవాళ్లకే. జట్టులో అయిదో రిసీవర్, అంటే పాస్‌లు అందుకునేవాడు, పాస్‌లు పట్టగలిగితే సరిపోదు, పంట్ పడినప్పుడు అందరికంటే ముందు పరిగెత్తాలి కూడా. ఆ విభాగానికి అప్పటి కోచ్ జాన్ ఫాసెల్ మాటకి ఆగస్టు నెలాఖర్లో ఎంత విలువ ఉండేదో నాకు ఆ మార్కుల కాగితం ముందు కూర్చున్నాకే అర్థమైంది.

చివర్లో లీగ్ విడుదల చేసే గేమ్‌బుక్ (ఆట వివరాల పత్రం) తీసి, ఎవరు ఎన్ని స్నాప్‌లు ఆడారో పేర్ల పక్కన రాసుకున్నాను. కోచ్‌లు ఎవరిని ఎప్పుడు దించారన్నది వాళ్ల మనసులో మాటే. బాగా ఆడినా ఆలస్యంగా దిగినవాడి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

ఆగస్టు 30న 53 మంది జాబితా వచ్చింది. టర్పిన్ ఉన్నాడు. ఆ సీజన్‌లో రిసీవర్‌గా అతనికి దాదాపు పనే లేదు, అయినా రిటర్నర్‌గా, అంటే తన్నిన బంతి పట్టుకుని పరిగెత్తేవాడిగా, ప్రో బౌల్ అనే మేటి ఆటగాళ్ల ఆటకి ఎంపికయ్యాడు. క్వార్టర్‌బ్యాక్‌లలో మాత్రం డాక్ ఒక్కడే మిగిలాడు. కూపర్ రష్‌నీ విల్ గ్రియర్‌నీ తీసేసి, ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి, అంటే 53 మందికి బయట సాధన చేసే బృందంలోకి, తిరిగి తీసుకున్నారు. రష్‌కి నేను మంచి మార్కులే వేశాను. చేతిలో బలం తక్కువ, కానీ బంతిని అట్టేపెట్టుకోడు. సెప్టెంబర్ 11న టాంపా బేతో మొదటి ఆటలోనే డాక్ చేతి బొటనవేలు విరిగింది. తర్వాతి అయిదు ఆటల్లో డాక్ స్థానంలో రష్ ఆడాడు, నాలుగు గెలిచాడు.

అందుకే ఇప్పుడు నా పట్టికలో ఇంకో గడి ఉంది: "తీసేసినా తిరిగి పిలుస్తారా?" అది నింపడానికి ఆటతో పాటు జీతం, అనుభవం, వేరే జట్లు ఎత్తుకుపోయే ప్రమాదం కూడా చూడాలి. మిగతా గడులన్నీ నింపాక, ఆఖర్న దాని జోలికి వెళతాను.