మిస్టర్ విక్ ఉద్యోగం పీకినప్పుడు

క్లీవ్‌లాండ్ అంటే మనవాళ్ళకి త్యాగరాజ ఆరాధన. 1978లో మొదలైంది, ఏటా ఈస్టర్ రోజుల్లో జరుగుతుంది, పంచరత్నాలు పాడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అమెరికావాళ్ళకి మాత్రం 1995 నుంచి 2004 దాకా క్లీవ్‌లాండ్ అంటే ఒక డిపార్ట్‌మెంట్ స్టోరు ఆఫీసులోని క్యూబికల్. అందులో పొట్టి క్రాపు, నల్ల ఫ్రేము కళ్ళజోడు, టై కట్టుకున్న బొద్దు మనిషి. ఏబీసీ టీవీలో తొమ్మిది సీజన్లు, 233 ఎపిసోడ్లు నడిచిన ‘ది డ్రూ క్యారీ షో’ అది. మొదటి సీజన్ టైటిల్ పాట ‘మూన్ ఓవర్ పార్మా’. ఆ పార్మా మరెక్కడో లేదు, క్లీవ్‌లాండ్ మనవాళ్ళు శివ విష్ణు గుడికి వెళ్ళే ఊరే.

ఆఫీసు చుట్టూ తిరిగే సిట్‌కామ్‌లకు, అంటే టీవీ హాస్య ధారావాహికలకు, కొదవలేదు. అమెరికాకి కొత్తగా ఉద్యోగానికి వచ్చినవాళ్ళకి ముందు దీన్నే చూడమనడానికి కారణం హీరోగారి పోస్టు. విన్‌ఫ్రెడ్-లౌడర్ అనే కల్పిత స్టోరులో డ్రూ పర్సనల్ విభాగానికి అసిస్టెంట్ డైరెక్టర్. ఇప్పటి మాటలో హెచ్చార్. మిగతా షోలలో హెచ్చార్ అంటే మూల కూర్చుని మూతి ముడుచుకునే ఒక పాత్ర, అంతే. ఇక్కడ ఉద్యోగం ఇవ్వడం, ఇవ్వకపోవడం, ఫిర్యాదు, పీకేయడం అన్నీ హీరో బల్ల మీంచే పోతాయి. వీసా మీద పనిచేసేవాళ్ళ బతుకు బాసు గదిలో కన్నా ఆ బల్ల దగ్గరే ఎక్కువ తేలుతుంది.

కాలం కూడా కలిసొచ్చింది. షో మొదలైనప్పుడు హెచ్1బీ, అంటే చదువుకున్న విదేశీయులకిచ్చే ఉద్యోగ వీసాల పరిమితి ఏడాదికి 65,000. 1999లో 1,15,000 చేశారు, 2001 నుంచి మూడేళ్ళు 1,95,000. 2004 ఆర్థిక సంవత్సరానికి మళ్ళీ 65,000కి దించేశారు, షో కూడా ఆ ఏడే ముగిసింది. అంటే హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుని మనవాళ్ళు వైటూకే (2000 సంవత్సరపు కంప్యూటర్ తేదీల చిక్కు) పనులకి దిగింది సరిగ్గా ఇలాంటి బూడిదరంగు క్యూబికల్స్‌లోకే.

డ్రూ క్యారీ నటుడు కాదు, స్టాండప్ మనిషి. పుట్టింది క్లీవ్‌లాండ్‌లోనే, 1958లో. మెరీన్ కోర్ రిజర్వులో పనిచేసి, క్లబ్బుల్లో మైకు పట్టుకుని, 1991లో జానీ కార్సన్ రాత్రి టాక్‌షో దాకా వెళ్ళాడు. అంశం అయిపోగానే కార్సన్ పిలిచి సోఫాలో కూర్చోబెట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఒక కమెడియన్‌కి అంతకన్నా పెద్ద సన్మానం లేదు. స్టాండప్ మనిషిని మధ్యలో పెట్టి సిట్‌కామ్ కట్టేటప్పుడు ఒక లెక్క ఉంటుంది. అతను స్టేజి మీద ఏ మనిషిగా నిలబడతాడో ఆ మనిషినే తెచ్చి ఒక ఉద్యోగంలో కూర్చోబెడతారు, పాత్రకి పేరు కూడా అతనిదే. బరువైన నటన చుట్టూ ఉన్న మిగతావాళ్ళకి అప్పగిస్తారు. బ్రూస్ హెల్ఫర్డ్‌తో కలిసి క్యారీ ఈ షోని సరిగ్గా అలాగే కట్టాడు. డ్రూ డైలాగులు జాగ్రత్తగా వినండి. ఒక వాక్యంలో విషయం, రెండో వాక్యంలో విరుపు, ఆ తర్వాత ఊపిరి పీల్చినంత ఆగడం. ఆ ఆగడం జనం నవ్వడానికి ఇచ్చిన జాగా.

ఇంగ్లీషు చదవడం బాగా వచ్చి వినడం దగ్గర తడబడేవాళ్ళకి ఇది పెద్ద సాయం. వాక్యాలు చిన్నవి, ఒకరి మాట మీద ఇంకొకరు పడరు, నవ్వు పడినంతసేపూ ఎవరూ మాట్లాడరు. డాక్యుమెంటరీలా తీసే ఈ కాలపు ఆఫీసు కామెడీల్లో గొణుగుడు ఎక్కువ, చూపులతోనే సగం జోకులు అయిపోతాయి. వాటిని రెండో ఏడాదికి వాయిదా వేసుకోవచ్చు.

మొదటి ఎపిసోడ్‌లో ఒక ఇంటర్వ్యూ ఉంది. మిమీ అనే ఆవిడ మేకప్ కౌంటర్‌లో ఉద్యోగం అడగడానికి వస్తుంది. కనురెప్పల మీద కనుబొమల దాకా నీలం రంగు. మేకప్ అమ్మే ఉద్యోగానికి ఆ మేకప్పే అడ్డమని డ్రూ ఆమెని వద్దంటాడు. ఆవిడ ఊరుకోదు, చివరికి పెద్ద బాసుకే సహాయకురాలిగా చేరి అతని ఎదుట బల్ల మీద కూర్చుంటుంది. ఆ పాత్ర వేసిన క్యాథీ కిన్నీ చివరి సీజన్ దాకా ఉంది. ఈ సీనులో చూడాల్సింది డ్రూ అడగని ప్రశ్నల్ని. పెళ్ళయిందా, పిల్లలెంతమంది, నాన్నగారేం చేస్తారు, ఏ మతం అని మన దగ్గర ఇంటర్వ్యూలో మామూలుగా అడిగేస్తారు. అక్కడ పదిహేను మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న కంపెనీకి 1964 నాటి పౌరహక్కుల చట్టం వర్తిస్తుంది, అలాంటి ప్రశ్న రేపు కోర్టులో వివక్షకి సాక్ష్యమవుతుంది కాబట్టి నోరు కట్టుకుంటారు. వీసా సంగతి మాత్రం అడగొచ్చు, అదీ ఒక మూసలో: ఇక్కడ పనిచేయడానికి చట్టపరమైన అనుమతి ఉందా, ఇప్పుడుగానీ మున్ముందుగానీ స్పాన్సర్‌షిప్ కావాలా. రెండో దానికి కాదని రాసి, తర్వాత హెచ్1బీ కావాలని అడిగితే అబద్ధం చెప్పినట్టు లెక్క. స్టూడెంట్ వీసా నుంచి ఓపీటీ (చదువయ్యాక ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) మీద చేరేవాళ్ళు ఎక్కువగా జారిపడేది ఈ గడి దగ్గరే. ప్రస్తుతానికి అవసరం లేదు కదా అని ‘కాదు’ దగ్గర టిక్కు కొట్టేస్తారు, ‘మున్ముందు’ అన్న మాట చదవరు.

మొదటి సీజన్‌లో పెద్ద బాసు మిస్టర్ బెల్ దాదాపు కనపడడు. స్పీకర్‌ఫోన్‌లో గొంతు వినిపిస్తుంది, అంతే. 1995లో అది జోకు. ఇవాళ ఏ మేనేజర్ మొహమూ చూడకుండా మూడేళ్ళు పనిచేసినవాళ్ళకి అందులో నవ్వేముందో అర్థం కాదు.

రెండో సీజన్‌కి మిస్టర్ విక్ వస్తాడు. దర్జా ఇంగ్లీషు యాసతో మాట్లాడే బాసు. వేసిన క్రెయిగ్ ఫెర్గూసన్ ఇంగ్లీషువాడు కాదు, గ్లాస్గోలో పుట్టిన స్కాట్లాండ్ మనిషి, అతనూ స్టాండప్ నుంచి వచ్చినవాడే, అతనూ వలస వచ్చినవాడే. 2005 నుంచి 2014 దాకా రాత్రి టాక్‌షో నడిపాడు, మధ్యలో 2008లో అమెరికా పౌరుడయ్యాడు. ఈ విక్‌కి ఒక సరదా ఉంది. ఉద్యోగుల్ని పీకేయడం, అదీ ఒకసారి పీకినట్టు ఇంకోసారి కాకుండా. సీజన్ల తరబడి నడిచిన జోకు ఇది, పడిన ప్రతిసారీ హాలంతా ఘొల్లుమంటుంది.

అంత తేలికగా పీకడం నిజమేనా అని కొత్తవాళ్ళు అడుగుతారు. నిజమే. మోంటానా తప్ప మిగతా రాష్ట్రాలన్నిటిలో ‘ఎట్ విల్’ పద్ధతి. చట్టం వద్దన్న కారణం కాకపోతే చాలు, కారణం చెప్పకుండా ఏ రోజైనా పంపేయవచ్చు, ఉద్యోగి కూడా అలాగే వెళ్ళిపోవచ్చు. మన దగ్గరలా మూడు నెలల నోటీసు అన్నది లేదు. రెండు వారాల నోటీసన్నది మర్యాద, చట్టం కాదు. వంద మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న కంపెనీ ఒకేచోట మూకుమ్మడిగా తీసేస్తే మాత్రం 1988 నాటి వార్న్ చట్టం ప్రకారం 60 రోజుల ముందు చెప్పాలి.

జనం నవ్వుతున్నది తమ భయాన్ని చూసే. కాకపోతే తెర మీద ఉద్యోగం పోయినవాడికి ఇల్లు అక్కడే ఉంటుంది, ఊరు అక్కడే ఉంటుంది, సాయంత్రం వార్సా టావెర్న్‌లో బీరు ఉంటుంది. హెచ్1బీ మీద ఉన్నవాడికి అదే సీను మర్నాటి నుంచి అంకెలు లెక్కపెడుతుంది. 2017 జనవరి నుంచి ఉన్న నియమం ప్రకారం దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో రాసిన పత్రం) మీద ఉన్న తేదీ, ఏది ముందొస్తే అది. అంతకుముందు ఆ గడువు కూడా లేదు. 2001లో డాట్‌కామ్ బుడగ పేలినప్పుడు పోయినవాళ్ళు ఉద్యోగం పోయిన రోజే స్టేటస్, అంటే చట్టబద్ధంగా ఉండే హోదా, పోగొట్టుకున్నారు.

ఈ 60 రోజుల్లో తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, మొదటిది లెక్క మొదలుపెట్టే తేదీ. సాధారణంగా జీతం లెక్కకట్టిన ఆఖరి రోజు మర్నాటి నుంచి గడియారం తిరుగుతుంది. సెవరెన్స్ (తీసేసేటప్పుడు ఇచ్చే పరిహారం) కింద రెండు నెలల డబ్బిచ్చారు కాబట్టి ఆ రెండు నెలలూ ఉద్యోగంలో ఉన్నట్టే అనుకుంటారు. కాదు. జీతపట్టీలో పేరుంచి కొన్ని వారాలు మామూలు జీతం ఇస్తూ పోతే వేరు, ఒకేసారి చేతిలో పెట్టే సెవరెన్స్ వేరు. ఆ రోజు మీటింగులో హెచ్చార్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఎంతిస్తారని కాదు, నా ఆఖరి ఉద్యోగ తేదీ ఏ కాగితం మీద ఏమని రాస్తారని.

రెండోది, 60 రోజులున్నాయని 50వ రోజు దాకా మంచి ఆఫర్ కోసం ఆగడం. కొత్త కంపెనీ పిటిషన్ వేయాలంటే ముందు కార్మికశాఖ నుంచి ఎల్‌సీఏ (జీతం, పని షరతుల దరఖాస్తుకి ఆమోదం) రావాలి, దానికే ఏడు పనిదినాలు. కంపెనీ అంతకుముందు ఎవరికీ వీసా చేయకపోతే పన్ను నంబరు సరిచూడటానికి ఇంకొన్ని రోజులు పోతాయి. ఆ తర్వాత లాయరుకి కాగితాలు: పాత ఆమోదపత్రాలు, డిగ్రీ మూల్యాంకనం, ఆఖరి రెండు మూడు పేస్లిప్పులు. ఆఫీసు లాప్‌టాప్ తీసేసుకున్నాక పేస్లిప్పుల పోర్టల్ తెరుచుకోదు. అందుకే నెలనెలా సొంత మెయిల్‌కి దించి పెట్టుకోవాలి. 35, 40 రోజులకి ఆఫర్ చేతికి రాకపోతే రెండో దారి, అంటే భార్య లేదా భర్త హెచ్1బీ మీదుంటే హెచ్4 (భార్య లేదా భర్త వీసా)కో, లేకపోతే బీ2 (సందర్శకుల వీసా)కో మారే దరఖాస్తు తయారు చేసుకోవడం మొదలుపెట్టాలి. పిటిషన్ 60 రోజుల్లోపు అందితే చాలు, ఆమోదం తర్వాత వచ్చినా పరవాలేదు. అందిన రోజు నుంచే కొత్తచోట పని మొదలుపెట్టవచ్చు.

మూడోది మాట తేడా. ‘మీ రికార్డు బాగుంటుంది, రాజీనామా ఇచ్చేయండి’ అని తియ్యగా అంటారు. ఒప్పుకునే ముందు ఆలోచించాలి. వీసా గడువు ముగిసేలోపు కంపెనీ తీసేస్తే, స్వదేశానికి తిరిగివెళ్ళే ప్రయాణపు ఖర్చు కంపెనీదే, ఉద్యోగి వరకు, కుటుంబానికి కాదు. తనంతట తాను మానేసినవాడికి అదీ లేదు. కన్సల్టెన్సీలలో ఇంకో వేషం: ప్రాజెక్టు అయిపోయింది, బెంచ్ మీద ఉండు, జీతం లేదు. అది చట్టం ఒప్పదు. పని కంపెనీయే చూపించలేకపోతే జీతం ఇవ్వాల్సిందే, తీసేస్తే ఇమిగ్రేషన్ శాఖకి ఆ సంగతి రాసి చెప్పాల్సిందే.

ఆరోగ్య బీమా సంగతి తెర మీద ఎలాగూ రాదు. ఇరవై మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న కంపెనీ అయితే కోబ్రా చట్టం కింద అదే బీమాని సాధారణంగా 18 నెలలు కొనసాగించుకోవచ్చు, మొత్తం ప్రీమియం మీద మరో రెండు శాతం దాకా కలిపి మన జేబులోంచి కట్టాలి. అంకె చూసి గుండె గుభేలుమంటుంది. ఎంచుకోవడానికి 60 రోజులు ఇస్తారు, ఎంచుకుంటే పాత తేదీ నుంచే వర్తిస్తుంది. అందుకే చాలామంది జబ్బేమీ చేయకపోతే ఆఖరి వారం దాకా ఆగి చూస్తారు. లెక్క తెలిసి ఆగితే తప్పేమీ లేదు.

ఈ షో నుంచి ఆఫీసుకి మోసుకెళ్ళకూడనిది డ్రూకీ మిమీకీ మధ్య నడిచే యుద్ధం. ఒకరి బరువు మీద ఒకరు, రంగు మీద ఒకరు విసుర్లు, బల్ల మీద ఆకతాయి పనులు. స్టాండప్‌లో తన బొజ్జ మీద తనే జోకు వేసుకున్నవాడికి ఎదుటివాళ్ళ మీద వేసే హక్కు వచ్చినట్టు జనం ఒప్పుకుంటారు. క్యూబికల్‌లో ఒప్పుకోరు. పాత షోలు చూసి ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్ళు చనువు కోసం ఇలాంటి మాట ఒకటి విసురుతారు, ఎదుటి మనిషి నవ్వుతాడు కూడా, వారం తర్వాత హెచ్చార్ నుంచి మీటింగ్ పిలుపు వస్తుంది. బరువు మీద వివక్షని మిషిగన్ 1976లోనే చట్టంలో నిషేధించింది. చట్టం లేనిచోట కూడా కంపెనీ నియమావళి ఉంటుంది. చేరిన రోజు చదవకుండా సంతకం పెట్టిన ఎంప్లాయీ హ్యాండ్‌బుక్ అదే.

చూడటానికి దొరకడం కొంచెం కష్టం. షోలో పాటలు, నృత్యాలు ఎక్కువ, వాటి హక్కుల చిక్కు వల్ల డీవీడీగా మొదటి సీజన్ మాత్రమే వచ్చింది. అదృష్టం ఏమంటే ఇంటర్వ్యూ సీనూ, స్పీకర్‌ఫోన్ బాసూ అందులోనే ఉన్నారు. అరగంట స్లాటులో ప్రకటనలు తీసేస్తే ఎపిసోడ్ 22 నిమిషాలు ఉంటుంది. మొదటిసారి క్యాప్షన్లు పెట్టుకుని చూడండి, తెలియని మాట దగ్గర ఆపండి. లేడ్ ఆఫ్ అంటే మనిషి తప్పు లేకుండా పోయిన ఉద్యోగం, ఫైర్డ్ అంటే తప్పు మోపి తీసేసింది, లెట్ గో అంటే రెండిట్లో ఏదో చెప్పకుండా దాటేసే మాట. రెండోసారి క్యాప్షన్లు తీసేయండి. అక్షరాలు మనిషి నోటికన్నా ముందే పడతాయి కాబట్టి మొదటిసారి జోకు ఎలాగూ పాడైపోయి ఉంటుంది. ఈసారి చెవితో పట్టుకోవాలి.