మస్కట్ ఆఫీసులో వాయిస్ మెయిల్, మా ఊరి బూత్‌లో మీటరు

మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు మా ఊరు అటు వెళ్లింది గానీ ఇంట్లో తెలుగే, బడిలో ఒడియా, నాలుగడుగులేస్తే పాతపట్నం. ఈ రెండు భాషలూ మస్కట్‌లో ఫోన్ల పనికి అక్కరకొస్తాయని వెళ్లేటప్పుడు అనుకోలేదు.

2001లో అక్కడ ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టెలిఫోన్ టెక్నీషియన్‌ని. క్యాంపులో గంజాం, గజపతి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మనవాళ్లే ఎక్కువ, ఎవరి దగ్గరా సెల్ లేదు, ఇంటి దగ్గర ఏదైనా అయితే ఇంటివాళ్లు ఊళ్లో ఫోన్ బూత్‌కెళ్లి ఆఫీసు నంబరుకే చేసేవాళ్లు. సాయంత్రం ఆపరేటర్ వెళ్లిపోయాక, శుక్రవారం సెలవు రోజున అది మోగి మోగి ఆగిపోయేది. ఒకతనికి తండ్రి పోయిన సంగతి మూడు రోజులకి తెలిసింది. అప్పుడు నేను మేనేజరు వెంటపడి వాయిస్ మెయిల్, అంటే ఎవరూ ఎత్తకపోతే తానే ఎత్తి చెప్పింది రికార్డు చేసే డబ్బా, పెట్టించాను, ఆఫీసు లైన్లలో ఒకటి క్యాంపుకని విడిగా ఉంచి.

పని చూడ్డానికి చిన్నదే. వాయిస్ మెయిల్ డబ్బాకి లైన్లు తగిలించే పోర్టులు నాలుగు, వాటిని ఈపీఏబీఎక్స్‌లో, అంటే ఆఫీసు లోపలి ఫోన్ ఎక్స్ఛేంజిలో, నాలుగు మామూలు ఎక్స్‌టెన్షన్లకి (లోపలి ఫోన్ లైన్లకి) కలిపి ఒక హంట్ గ్రూపు చెయ్యాలి, కాల్ వస్తే ఆ నాలుగింట్లో ఖాళీగా ఉన్నదానికి వెళ్లేలా. ఎవరూ ఎత్తకపోతే కాల్ ఆ గ్రూపుకి ఫార్వర్డ్ అవుతుంది, డబ్బా ఎత్తగానే ఈపీఏబీఎక్స్ ఎవరూ ఎత్తని ఎక్స్‌టెన్షన్ నంబరుని టోన్లుగా పంపుతుంది, దాన్నిబట్టి ఎవరి గ్రీటింగ్ (ముందే రికార్డు చేసిన పలకరింపు) వినిపించాలో డబ్బాకి తెలుస్తుంది. డబ్బా వినడం మొదలుపెట్టకముందే టోన్లు వచ్చేస్తే అన్నీ మెయిన్ గ్రీటింగ్‌కే పోతాయి, ఆ టైమింగ్ సరిచెయ్యడానికే ఒక రోజు పట్టింది.

అసలు తలనొప్పి శనివారం పొద్దున కనిపించింది. నాలుగు పోర్టులూ బిజీ, మెసేజిలన్నిటిలో టుయ్ టుయ్ అని మోతే. అవతలివాళ్లు పెట్టేసినా డబ్బాకి తెలియట్లేదన్నమాట. పెట్టేశాక వచ్చే బిజీ టోను గుర్తుపట్టి అది లైను వదలాలి, కానీ అమెరికా బిజీ టోనుకి సెట్ అయి వచ్చింది, 480, 620 హెర్ట్జ్ రెండూ కలిపి అర సెకను మోత, అర సెకను ఆగడం. మా ఈపీఏబీఎక్స్ ఇచ్చే టోను వేరు. డబ్బాలో టోన్ లెర్నింగ్ అని కొత్త టోను నేర్పే సౌకర్యం ఉంది, అందులో మాది వినిపించి నేర్పించాక ఆ గొడవ తగ్గింది.

కానీ రెండు మూడు సెకన్ల మెసేజిలు మిగిలిపోయాయి. ఊపిరి చప్పుడు, వెనకాల కోడి కూత, ఎవరో ముసలామె "ఎవులో ఇంగిలీసులో మాటాడతందిరా" అనడం, టక్కున పెట్టెయ్యడం. అవి వింటుంటే నాకు చేతులాడలేదు. ఇదివరకు ఎవరూ ఎత్తకపోతే బూత్‌లో ఆమెకి పైసా పడేది కాదు, ఇప్పుడు నా డబ్బా ఎత్తింది కాబట్టి ఆ ఎర్రంకెల మీటరు తిరుగుతుంది. ఇరవై సెకన్లకి పైనే ఉన్న ఇంగ్లీషు గ్రీటింగ్‌కి ఐఎస్‌డీ (విదేశీ కాల్) రేటు కట్టి ఏమీ చెప్పకుండా వెళ్లిపోతోంది ఆ తల్లి. ఆ గ్రీటింగ్ పెట్టింది నేనే.

ఆ రాత్రే మార్చేశాను. "టక్‌మన్న చప్పుడయ్యాక చెప్పండి, రాసిస్తాం." వెంటనే ఒడియాలో "శబ్ద పరే కుహంతు." రెండూ కలిపి ఆరు సెకన్లు. పొద్దున్నే నేను విని చీటీలు రాసి క్యాంపు బస్సు డ్రైవర్‌కిచ్చేవాణ్ణి, సొంత చెవితో వినాలంటే సాయంత్రం రమ్మనేవాణ్ణి. మా ఊళ్లో బూత్ నడిపే మావకి కూడా చెప్పాను, లోపలికెళ్లేముందే ఏం చెప్పాలో అనుకోమని అందరికీ చెప్పు మావా అని, ఆయన కొందరికి కాగితం మీద రాసిచ్చేవాడట కూడా.

రెండు వారాలకి ఒకటొచ్చింది, ఒక్క ఊపిరిలో, "బాబూ, అమ్మని, ఆవు ఈనింది, పెయ్యదూడ, నాన్నకి జొరం తగ్గింది, డబ్బులందినాయి, ఉంతాను." ఆ కుర్రాడు సాయంత్రం వచ్చి నాలుగుసార్లు విన్నాడు. చెరిపెయ్యొద్దన్నా అన్నాడు. ముప్పై రోజులకి దానంతటదే పోయేలా సెట్ అయి ఉంది, అందుకని నెల తిరక్కముందే మళ్లీ సేవ్ కొడుతూ ఉండేవాణ్ణి, అతను ఊరెళ్లేదాకా.