మిడ్ రేంజ్ ఎఫ్‌పీవీ గాగుల్స్: మూడు డ్రోన్లు, మైనస్ మూడున్నర కళ్లద్దాలు, ఒక లెక్క

బడ్జెట్

డ్రోన్ కెమెరాకి కనపడేదాన్ని నేరుగా మన కళ్ల ముందు చూపించేవి ఎఫ్‌పీవీ గాగుల్స్. కొత్తవాటికి 300 డాలర్లు దాటకూడదని గీత గీసుకున్నాను. డాలర్లలో ఎందుకంటే ఇక్కడి హాబీ షాపుల్లో ఒకే మోడల్‌కి ఒక్కో చోట ఒక్కో ధర ఉంటుంది, అదీ నెల నెలా మారుతుంది. పోల్చాలంటే అసలు ధరే నయం. మన దగ్గర దొరికేసరికి కస్టమ్స్, జీఎస్టీ, కొరియర్ కలిసి ఎంతో కొంత పెరుగుతుంది, ఆ పెరుగుదల అన్నింటికీ ఉంటుంది.

2022 ఫిబ్రవరిలో డీజీఎఫ్‌టీ (కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగం) నిషేధించింది పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిని, విప్పి పెట్టిన కిట్లను. విడి భాగాలకు ఆ నిషేధం లేదు. ఈ తేడా తెలియక గాగుల్స్ కొనడానికి కూడా భయపడేవాళ్లు నాకు తెలుసు. వైర్‌లెస్ పరికరం కాబట్టి అనుమతులన్నీ చూసుకుని తెప్పించే షాపులో బిల్లుతో కొనుక్కోవడం మంచిది.

ఇప్పుడు చేతిలో ఉన్నవి

ఒక 65 మిల్లీమీటర్ల వూప్ (ప్రొపెల్లర్ల చుట్టూ రక్షణ వలయాలుండే బుల్లి డ్రోన్), ఒక 75, వీడియోలు తీయడానికి వాడే మూడంగుళాల సినీవూప్ ఒకటి. మూడూ వీడియోని పాత టీవీల్లా అనలాగ్ సిగ్నల్‌గా పంపేవే, మూడూ 250 గ్రాముల లోపే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం నానో తరగతి అన్నమాట, పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గాగుల్స్ పెట్టుకుంటే డ్రోన్ కంటికి కనపడదు కాబట్టి పక్కన ఒకరు నిలబడి చూడాలి. నాకు ఆ పని మా బామ్మర్ది చేస్తాడు. తెనాలి వైపు కోత అయిపోయిన చేలల్లో ఎగరేసేటప్పుడు "బావా, ఎడమ పక్క కొబ్బరిచెట్టు!" అని వాడు అరవకపోతే నా ప్రొపెల్లర్ల ఖర్చు రెట్టింపయ్యేది.

గాగుల్స్ ఈచైన్ ఈవీ800డీ. 100 డాలర్ల లోపు దొరికే బాక్స్ గాగుల్స్, 800×480 స్క్రీన్, లోపలే వీడియో రికార్డు చేసే డీవీఆర్, రెండు రిసీవర్లు. స్క్రీన్ విడదీసి మానిటర్‌లా కూడా పెట్టుకోవచ్చు. ఆ ధరకి ఇప్పటికీ ఎవరికైనా ధైర్యంగా చెప్తాను.

డిగ్రీకి ఎన్ని పిక్సెళ్లు

స్పెసిఫికేషన్ల పేజీలు చదివి చదివి తల తిరిగాక ఒకే కొలతకి వచ్చాను. స్క్రీన్ మూల నుంచి మూలకి ఎన్ని పిక్సెళ్లున్నాయో లెక్కగట్టి, దాన్ని కంపెనీ చెప్పే ఫీల్డ్ ఆఫ్ వ్యూతో (బొమ్మ కంటికి ఎంత కోణంలో పరుచుకుంటుందో ఆ డిగ్రీలతో) భాగించడం. ఈవీ800డీకి 933 పిక్సెళ్లు, 82 డిగ్రీలు, అంటే డిగ్రీకి 11. స్కైజోన్ కోబ్రా ఎక్స్‌ది 1280×720 స్క్రీన్, 50 డిగ్రీలు, అంటే 29. డీజేఐ గాగుల్స్ ఎన్3 1080పీ, 54 డిగ్రీలు, అంటే 41 దాకా.

పెద్ద ఫీల్డ్ ఆఫ్ వ్యూ అంటే మంచిదే అనుకుంటాం. 80 డిగ్రీలు దాటితే మూలన ఉన్న బ్యాటరీ వోల్టేజీ చూడాలంటే కళ్లు తిప్పాలి, ఆ క్షణంలో ఎదురుగా ఉన్న కొమ్మ కనపడదు. 45 నుంచి 55 మధ్య ఉంటే స్క్రీన్ మొత్తం ఒక్క చూపులో అందుతుంది.

ఈ లెక్కకి ఒక హద్దుంది. పాల్ అనే టీవీ ప్రమాణంలో ఉండే అనలాగ్ సిగ్నల్‌లో వచ్చేవి 576 గీతలే. స్క్రీన్ ఎంత గొప్పదైనా సిగ్నల్‌లో లేని వివరం పుట్టించలేదు. 720 గీతల స్క్రీన్ ఉంటే అనలాగ్‌కి సరిపోయినట్టే. 1280×960 ఓలెడ్‌కి అదనంగా ఇచ్చే డబ్బు నలుపు రంగుకీ, కాంట్రాస్ట్‌కీ పోతుంది. సాయంత్రం వెలుగులో ఆ తేడా బాగుంటుంది, కాదనను. కానీ ఫ్యాట్‌షార్క్ హెచ్‌డీఓ2 లాంటివి నా గీత దాటేశాయి.

కళ్లద్దాల సంగతి

కొనేవాళ్లు అందరికంటే చివర ఆలోచించేది ఇదే, ముందు ఆలోచించాల్సిందీ ఇదే. నాకు మైనస్ మూడున్నర.

రెండు చిన్న స్క్రీన్లుండే రకంలో కళ్ల మధ్య దూరం సరిపోవాలి, పవర్‌కి డయల్ ఉండాలి. డీజేఐ గాగుల్స్ 2లో మైనస్ 8 నుంచి ప్లస్ 2 దాకా డయల్ ఉంది, వాక్‌స్నెయిల్ గాగుల్స్ ఎక్స్‌లో మైనస్ 6 నుంచి ప్లస్ 2. రెండూ బాగుంటాయి. అయితే అవి నా ధరలో లేవు, పైగా సిలిండర్ పవర్‌ని (ఆస్టిగ్మాటిజం) డయల్ సరిదిద్దదు. ఒకే పెద్ద స్క్రీన్ ఉండే బాక్స్ రకంలో అయితే కళ్లద్దాలతోనే తల దూర్చొచ్చు. కోబ్రా ఎక్స్, ఎన్3 రెండూ ఈ రకమే. నా మూడొందల్లో చివరికి మిగిలినవీ ఈ రెండే. హెచ్‌డీజీరో బాక్స్‌ప్రో కూడా ఇదే జాతి, కానీ పెట్టుకుని చూడటానికి నాకు దొరకలేదు, అందుకే పోలికలోకి తేలేదు.

కళ్లద్దాలవాళ్లకి ఒక చిట్కా: వెడల్పు ఫ్రేమ్ వద్దు. పాత ఇరుకు ఫ్రేమ్ ఒకటి ఎగరేయడానికని పక్కన పెట్టుకున్నాను. ఫ్రేమ్ కాళ్లు సన్నగా ఉంటే గాగుల్స్ ఫోమ్ కింద నుంచి వెలుతురు తక్కువ దూరుతుంది.

ఎన్3 పెట్టుకుని చూసిన రోజు

2024 నవంబర్‌లో 229 డాలర్లకి ఎన్3 వచ్చినప్పుడు అందరిలాగే నేనూ ఇక అనలాగ్ పని అయిపోయిందనుకున్నాను. స్నేహితుడి దగ్గర ఓ4 ఎయిర్ యూనిట్ (డీజేఐ డిజిటల్ కెమెరా, వీడియో ట్రాన్స్‌మిటర్) పెట్టిన డ్రోన్‌తో చూశాను. చేను గట్టు మీద గడ్డి పరకలు విడివిడిగా కనపడ్డాయి. అనలాగ్ నుంచి నేరుగా వెళ్తే మతి పోతుంది.

బరువు అర కిలో దాటుతుంది. అయితే బ్యాటరీ పట్టీలోనే వెనక్కి ఉండటంతో ముక్కు మీద భారం పడలేదు, జేబులోకి వైరు లేదు. డిజిటల్‌తో అలవాటు పడాల్సింది సిగ్నల్ పోయే తీరుకి. అనలాగ్‌లో ముందు చుక్కలు, తర్వాత గీతలు, తర్వాతే చీకటి. వెనక్కి తిప్పుకోవడానికి టైముంటుంది. డిజిటల్‌లో చాలాసేపు బాగానే ఉండి, ఉన్నట్టుండి బొమ్మ గడ్డకడుతుంది. గోడల మధ్య వూప్ ఎగరేసేవాడికి ఇది చిన్న విషయం కాదు.

అసలు లెక్క

నేను కొన్నప్పటి ధరల్లో గాగుల్స్ ఒక్కటే చూస్తే ఎన్3 చవక. కోబ్రా ఎక్స్ 250 చుట్టుపక్కల ఉంటే ఇది 229. కానీ ఎన్3లో అనలాగ్ రిసీవర్ లేదు, పెట్టే చోటూ లేదు. నా మూడు డ్రోన్లకీ ఓ4 యూనిట్లు వేయాలి. ఒక్కోటి 109 డాలర్లు, మూడు 327. గాగుల్స్‌తో కలిపి 556. దానికి తోడు ఆ యూనిట్ బరువు 8.2 గ్రాములు. 65 మిల్లీమీటర్ల వూప్ మొత్తమే ఇరవై చిల్లర గ్రాములుండే చోట అది చిన్న పిల్లాడికి పెద్దాయన స్కూల్ బ్యాగ్ తగిలించినట్టే. అంటే ఆ వూప్ పక్కన పెట్టాల్సిందే.

కోబ్రా ఎక్స్ అయితే 250తో కథ ముగిసింది. మూడూ ఉన్నవి ఉన్నట్టే పనిచేస్తాయి. గుద్దితే అనలాగ్ కెమెరా, వీటీఎక్స్ (వీడియో ట్రాన్స్‌మిటర్) కలిపి 40 డాలర్ల లోపు. ఓ4 పగిలితే మళ్లీ 109.

ఇదే లెక్క కొత్తవాళ్లకి తిరగబడుతుంది. చేతిలో ఏమీ లేక ఒక్క డ్రోన్‌తో మొదలుపెట్టేవాళ్లకి ఎన్3, ఓ4 కలిపి 338. కోబ్రా ఎక్స్, అనలాగ్ సామాను కలిపి 290. ఆ 50 డాలర్ల తేడాకి నేనైతే కళ్లు మూసుకుని డిజిటల్ తీసుకోమంటాను. ఏది విలువైనదని నన్ను ఎవరు అడిగినా ముందు నేను అడిగేది, మీ దగ్గర ఎన్ని డ్రోన్లున్నాయి అనే.

కోబ్రా ఎక్స్‌తో మొదటి వారాలు

అందరికంటే ముందు తెలిసిన తేడా స్క్రీన్ కాదు, రిసీవర్. స్టెడీవ్యూ రిసీవర్ రెండు యాంటెనాల సిగ్నళ్లని కలిపి ఒక బొమ్మ చేస్తుంది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, చుట్టూ ఇనుప చువ్వలున్న స్తంభాల మధ్య, స్తంభం దాటిన ప్రతిసారీ బొమ్మ చిరిగే చోట ఇప్పుడు కాస్త మసకబారి తేరుకుంటోంది.

యాంటెనాలు ఒకటి అన్ని వైపులా పట్టే గుండ్రటి ఓమ్ని, ఒకటి ముందువైపే ఎక్కువ పట్టే ప్యాచ్. రెండూ ఆర్‌హెచ్‌సీపీ, అంటే సిగ్నల్ కుడివైపు మెలిక తిరిగే రకం, డ్రోన్ మీదిదీ అదే. గోడకి తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ మెలిక తిరగబడుతుంది కాబట్టి యాంటెనా దాన్ని చాలావరకు వదిలేస్తుంది. సెల్లార్లలో సర్క్యులర్ పోలరైజేషన్ పనికొచ్చేది ఇందుకే. ఒకవైపు ఆర్‌హెచ్‌సీపీ, ఇంకోవైపు ఎడమ మెలిక ఎల్‌హెచ్‌సీపీ పెడితే మాత్రం మంచి సిగ్నలే పోతుంది. కొనేటప్పుడు కనెక్టర్ ఎస్‌ఎంఏనా, ఆర్‌పీ ఎస్‌ఎంఏనా అన్నది కూడా చూసుకోండి. మర రెండింటికీ ఎక్కుతుంది, లోపల సూది కలవదు.

ఛానెల్ విషయం: రేస్‌బ్యాండ్ అనే ఎఫ్‌పీవీ ఛానెళ్ల వరుసలో 7, 8 నంబర్లు 5880, 5917 మెగాహెర్ట్జ్. మన దేశంలో 2018లో లైసెన్స్ అక్కర్లేకుండా వదిలిన ఫ్రీక్వెన్సీ పట్టీ 5875 దగ్గర ఆగుతుంది. అందుకే ఆ రెండూ వాడను. మామూలుగా 3 మీద, అంటే 5732 మీద ఉంటాను. ఇద్దరం ఎగరేస్తే రెండోవాళ్లు 6 మీద.

మే నెలలో చెమటకి లెన్స్ మసకబారుతుంది. డ్రోన్‌ని ఆర్మ్ చేసే (మోటార్లు తిప్పే) ముందే గాగుల్స్ ఫ్యాన్ వేసి కాసేపు తిరగనిస్తే చాలావరకు తగ్గుతుంది. బ్యాగులో సిలికా జెల్ పొట్లాలు పడేశాను. ఏ గాగుల్స్ అయినా లెన్సులు పైకి పెట్టి ఎండలో వదలకూడదు. భూతద్దంలా ఎండని కూడగట్టి స్క్రీన్ మీద మచ్చ కాల్చేస్తాయి. డీవీఆర్ రికార్డింగ్ ఆపాకే పవర్ తీయాలి, లేకపోతే చివరి ఫైలు తెరుచుకోకపోవచ్చు.

తర్వాత

దీనికి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉంది. వానాకాలంలో ల్యాప్‌టాప్‌కి తగిలించి వెలాసీడ్రోన్ సిమ్యులేటర్ ఆడుకోవడానికి ఇప్పటికి వాడుతున్నాను. సినీవూప్ ఒక్కదాన్నే డిజిటల్ చేయాలనిపిస్తే విడిగా వాక్‌స్నెయిల్ రిసీవర్ బాక్సు కొని ఇదే దారిలో కలపొచ్చు. కొంత ఆలస్యం చేరుతుంది, సినీవూప్‌కి అది పర్లేదు. ముందైతే ఇంకా ఎక్కువ కోణం పట్టే ప్యాచ్ యాంటెనా ఒకటి కావాలి. ఇప్పుడున్నది పెట్టుకుని తల పక్కకి తిప్పితే సిగ్నల్ పడిపోతోంది, బామ్మర్దేమో ప్రతి కేకకీ తల తిప్పేలా చేస్తున్నాడు.