రవెన్నా: మనిషి లేని సమాధులు

ఇటలీలోని బొలోన్యాలో చదువుకునే మనవాళ్లకు ఆదివారం ఖాళీ దొరికితే ఫ్లోరెన్సుకో వెనిస్‌కో పరిగెడతారు. మమ్మల్ని మాత్రం ఆర్కిటెక్చర్ చదివే అక్క ఒకామె పట్టుబట్టి రవెన్నా తీసుకెళ్లింది. రీజినల్ రైల్లో గంటంబావు ప్రయాణం. దారంతా చదును నేల, పండ్ల తోటలు, కాలవలు. దివిసీమవాణ్ణి, నాకేం కొత్తగా అనిపించలేదు.

ఆ బురద నేలే ఈ ఊరికి దశ తెచ్చిందట. 402లో పశ్చిమ రోమన్ చక్రవర్తి హొనోరియస్ మిలాన్ వదిలి రాజధానిని ఇక్కడికి మార్చాడు. చుట్టూ చిత్తడి నేల, పక్కనే ఓడరేవు. శత్రువు రావడం కష్టం, తను పారిపోవడం తేలిక.

ముందు ఆయన చెల్లెలు గల్లా ప్లాచీదియా సమాధికి వెళ్లాం. బయటి నుంచి చూస్తే ఇటుకల గది, అంతే. దీనికా టికెట్టు అని మావాడొకడు గొణిగాడు. లోపలికి వంగి వెళ్లాక వాడే నోరు మెదపలేదు. కిటికీలకు అద్దాల బదులు వెలుతురు చొరబడే పల్చటి అలబాస్టర్ రాతి పలకలు. వాటిలోంచి తేనెరంగు వెలుతురు దిగుతుంటే, పైన ముదురు నీలం కప్పు నిండా బంగారు చుక్కలు. అయిదు నిమిషాలు కాగానే బయటికి పంపేశారు. ఇంతా చేసి ఆవిడ ఇందులో లేదు. 450లో రోములో పోయింది, అక్కడే పూడ్చి ఉంటారని అంటారు.

పక్కనే సాన్ వితాలే. 547 నాటి చర్చి. చిన్న చిన్న రంగు ముక్కలు అతికించి చేసిన మొజాయిక్ బొమ్మల్లో ఒక గోడ మీద బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తి జస్టీనియన్, ఎదురుగోడ మీద రాణి థియోడోరా, ఇద్దరూ పరివారంతో సహా. సర్కస్ ఎలుగుబంట్లను సాకేవాడి కూతురని చెప్పే ఆ థియోడోరా ముత్యాల బరువుతో మనకేసి సూటిగా చూస్తుంటుంది. ఇద్దరిలో ఎవరూ ఈ ఊళ్లో కాలుపెట్టలేదు. బంగారు రేకును రెండు గాజు పొరల మధ్య పెట్టి ముక్కలు కోస్తారని, వాటిని కాస్త వాలుగా అతికిస్తారని అక్క చెప్పింది. అందుకే మనం నడుస్తుంటే గోడ మెరుపు కూడా జరుగుతుంది.

మధ్యాహ్నం పియదీనా తిన్నాం. మందపాటి మైదా రొట్టె మధ్యలో మెత్తటి చీజు, ఆకుకూర. పచ్చడి ఉంటే బాగుండేది.

నన్ను నిజంగా కట్టిపడేసింది సాంత్ అపోల్లినారే నువోవో. గోత్ అనే జర్మన్ తెగ రాజు థియోడోరిక్ తన కోసం కట్టించుకున్న చర్చి. ఆయనది క్రైస్తవంలో కాథలిక్కులు తప్పు పట్టే ఆరియన్ శాఖ. ఆయన పోయాక బైజాంటియం సేనలు ఊరు పట్టుకున్నాయి, చర్చి కాథలిక్కుల చేతికి వచ్చింది. గోడ మీద రాజభవనం బొమ్మలో స్తంభాల మధ్య ఉన్న మనుషుల్ని పీకేసి తెల్లటి తెరలు అతికించారు. అయితే స్తంభాల మీదికి వచ్చిన చేతుల్ని అలాగే వదిలేశారు. మనిషి లేడు, చెయ్యి ఉంది! "అదుగో, మూడో స్తంభం చూడు," "ఒరేయ్, అక్కడ వేళ్లు!" అంటూ మెడలు పట్టేసేదాకా వెతికాం. కూలివాడి బద్ధకమా, ఎవరిని తుడిచేశారో జనానికి గుర్తుండాలనా? నా ఓటు బద్ధకానికే.

ఇటలీ మహాకవి డాంటే కథ దీనికి తిరగేసింది. ఫ్లోరెన్స్ వెళ్లగొడితే ఇక్కడికొచ్చి 1321లో పోయాడు. 1519లో పోప్ అనుమతితో అస్థికలు తీసుకెళ్లడానికి ఫ్లోరెన్సువాళ్లు వస్తే పెట్టె ఖాళీ. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు గోడకు కన్నం వేసి ముందే దాచేశారు. మళ్లీ బయటపడింది 1865లో, మరమ్మతు పనివాళ్లకు. ఫ్లోరెన్సులో ఆయనకు కట్టిన ఘనమైన సమాధి నేటికీ ఖాళీయే. ఇక్కడి దీపానికి ఏటా సెప్టెంబరులో నూనె మాత్రం వాళ్లే పంపుతారు. ఆ సన్యాసుల చర్చి కింది గది భూగర్భజలంలో మునిగి ఉంటుంది. నీళ్లడుగున మొజాయిక్ నేల, పైన ఎర్రచేపలు.

చివరికి స్టేషన్ అవతల థియోడోరిక్ సమాధి. పైకప్పు ఒకే రాయి, అడ్డంగా పది మీటర్లకు పైనే, బరువు రెండు వందల టన్నులు దాటుతుందని అంచనా. ఏడ్రియాటిక్ అవతల ఇస్త్రియా నుంచి తెచ్చారు. పై అంతస్తులో ఎర్రరాతి తొట్టె ఉంది, అదీ ఖాళీయే. అంత రాయి పైకెలా ఎక్కించారు? మట్టి దిబ్బ పోసి దొర్లించారని సివిల్ చదివేవాడు, రాతి అంచు చుట్టూ ఉన్న చెవులకు తాళ్లు కట్టి లాగారని అక్క. రైల్లో నోటుబుక్కులు తీసి బొమ్మలు గీసుకుంటూ ఇమోలా దాటేదాకా కొట్టుకుంటూనే ఉన్నారు.