బేబ్ రూత్ బంతి విసిరిన మైదానం

బోస్టన్‌లో అమెరికన్ బేస్‌బాల్ ఆటగాడు బేబ్ రూత్ జాడ వెతికేవాళ్లు చాలామంది, అతని పాత జట్టు రెడ్ సాక్స్ మైదానమైన ఫెన్‌వే పార్కు చూసి వెనుదిరుగుతారు. నేనూ అక్కడే మొదలుపెట్టాను గానీ, అసలు చూడాల్సిన చోటు దానికి సుమారు 2 కిలోమీటర్లు పడమరగా ఉంది. 714 హోమ్ రన్‌లు (క్రికెట్ సిక్సర్‌లాంటి దెబ్బలు) కొట్టిన రూత్ కాదు, ఎడమచేతి వాటం పిచర్ (బంతి విసిరేవాడు) రూత్ దొరికేది అక్కడ.

ఫెన్‌వేలో గైడుతో టూర్ గంటసేపు ఉంటుంది. స్టాండ్‌లోంచి పిచర్ మౌండ్ (పిచర్ నిలబడే మట్టి దిబ్బ) చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడి నుంచి హోమ్ ప్లేటుకి (బ్యాటర్ నిలబడే చోటు) దూరం అప్పుడూ ఇప్పుడూ 60 అడుగుల 6 అంగుళాలే. మౌండ్ ఎత్తు మాత్రం రూత్ రోజుల్లో 15 అంగుళాల దాకా ఉండొచ్చు. 1969 నుంచి 10 అంగుళాలు. అప్పట్లో బంతి మెత్తబడి మట్టికొట్టుకుపోయినా దాంతోనే ఆడించేవారు. పిచర్లకి కలిసొచ్చిన కాలమే, కానీ ఆ సౌకర్యం అందరికీ ఉన్నదే కదా! 1916లో అమెరికన్ లీగ్ (రెండు పెద్ద లీగ్‌లలో ఒకటి) మొత్తంలో తక్కువ ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక మామూలు మ్యాచ్‌కి, పిచర్ ఖాతాలో పడే సగటు రన్‌లు; ముగ్గురు ఔటైతే ఒక ఇన్నింగ్స్) రూత్‌దే: 1.75. ఆ సీజన్‌లో 323 ఇన్నింగ్స్‌కి పైగా వేసి ఒక్క హోమ్ రన్ కూడా ఇవ్వలేదు. మరుసటి ఏడు 38 మ్యాచ్‌లు మొదలుపెడితే 35 ఆఖరి దాకా తనే వేశాడు.

ఫెన్‌వే నుంచి కెన్‌మోర్ స్టేషన్‌కి కాసేపు నడక. అక్కడ గ్రీన్ లైన్ బీ, సీ, డీ రైళ్లు మూడూ ఆగుతాయి. బీ మాత్రమే ఎక్కాలి. మిగతా రెండూ వేరే దారి పడతాయి. కెన్‌మోర్ దాటాక రైలు సొరంగంలోంచి పైకొచ్చి కామన్‌వెల్త్ అవెన్యూ మధ్యలో నడుస్తుంది. బాబ్‌కాక్ స్ట్రీట్‌లో దిగి ఉత్తరం వైపు హ్యారీ అగానిస్ వేలోకి నడిచాను.

అదే ఒకప్పటి బ్రేవ్స్ ఫీల్డ్ (బోస్టన్‌లోని మరో జట్టు బ్రేవ్స్ మైదానం), ఇప్పుడు బోస్టన్ యూనివర్సిటీ వారి నికర్సన్ ఫీల్డ్. గారపూత గోడల పాత టికెట్ ఆఫీసు భవనం నిలిచే ఉంది. రైట్ ఫీల్డ్ (మైదానం కుడిభాగం) వైపు కాంక్రీటు స్టాండ్ కూడా అప్పటిదే. చాలామంది పొరపడేది ఇక్కడే: కృత్రిమ గడ్డి మీద గీతలు సాకర్, లాక్రాస్‌వి. వాటిని పట్టుకుని పాత మౌండ్‌ని ఊహించుకుంటే లెక్క తప్పుతుంది. పాత గ్రాండ్‌స్టాండ్ ఉన్నచోట ఇప్పుడు మూడు హాస్టల్ టవర్లున్నాయి. స్టాండ్‌లో కూర్చుని వాటి వైపు చూడాలి.

ఫెన్‌వే కంటే ఎక్కువమంది పడతారని 1916 వరల్డ్ సిరీస్‌లో (రెండు లీగ్‌ల విజేతల ఫైనల్ పోటీ) రెడ్ సాక్స్ సొంత మ్యాచ్‌లు ఇక్కడ ఆడింది. అక్టోబర్ 9న రెండో మ్యాచ్, రెడ్ సాక్స్ పిచర్ రూత్. మొదటి ఇన్నింగ్స్‌లోనే, ఇద్దరు ఔటయ్యాక, బ్రూక్లిన్ ఆటగాడు హై మయర్స్ కొట్టిన బంతి ఫీల్డర్లకి చిక్కలేదు. బంతి మైదానం దాటకుండానే హోమ్ రన్ అయింది. ఆ తర్వాత రూత్ ఒక్క రన్ ఇవ్వలేదు. మూడో ఇన్నింగ్స్‌లో తను ఔటవుతూనే సహచరుడు ఎవరెట్ స్కాట్‌ని హోమ్ ప్లేటుకి చేర్చి (అదే ఒక రన్) స్కోరు సమం చేశాడు. 14 ఇన్నింగ్స్, 2 గంటల 32 నిమిషాల ఆట, 2-1తో గెలుపు. బ్యాట్‌తో ఆ రోజు అయిదుసార్లు దిగి ఒక్క హిట్ కూడా కొట్టలేదు! మ్యాచ్ గెలిపించింది ఆ ఎడమచెయ్యే.

మయర్స్ హోమ్ రన్ తర్వాత వేసిన ఆ 13⅓ ఇన్నింగ్స్‌కి (ఒక్కో ఔట్ మూడోవంతు ఇన్నింగ్స్), 1918 సిరీస్ మొదటి మ్యాచ్‌లోని 9, నాలుగో మ్యాచ్‌లోని 7⅓ కలిపితే 29⅔. వరల్డ్ సిరీస్‌లో రన్ ఇవ్వకుండా వరసగా వేసిన ఈ రికార్డుని 1961లో న్యూయార్క్ యాంకీస్ పిచర్ వైటీ ఫోర్డ్ దాటేదాకా ఎవరూ తాకలేకపోయారు. ఇంతటి పిచర్‌ని ఎందుకు ఆపేశారంటే, పిచర్‌కి రోజూ ఆట ఉండదు. మధ్య రోజుల్లో ఆ బ్యాట్ ఖాళీగా కూర్చునేది. 1918 నుంచి అవుట్‌ఫీల్డ్‌లో (మైదానం వెనక భాగం) ఎక్కువగా ఆడించారు, 1920కల్లా యాంకీస్‌కి అమ్మేశారు.

రూత్ మళ్లీ ఇదే మైదానానికి వచ్చి పిచింగ్ చేశాడు. ఆదివారం ఆటలకి రెడ్ సాక్స్ బ్రేవ్స్ ఫీల్డ్‌ని వాడుకుంటున్న రోజులవి. 1930 సెప్టెంబర్ 28న, తొమ్మిదేళ్ల విరామం తర్వాత, యాంకీస్ తరఫున మౌండ్ ఎక్కి తొమ్మిది ఇన్నింగ్స్‌లూ తనే వేసి పాత జట్టుని 9-3తో ఓడించాడు.